భయం పెడితే బ్యాచ్‌లు పెరుగుతాయి, మరి తగ్గేది ఏమిటి?

ముందు మీ ప్రశ్నను మిగతా చదువరుల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. మీరు సంగారెడ్డి జిల్లాలో మాత్రలు తయారుచేసే ఒక యూనిట్‌లో ప్రొడక్షన్ మేనేజర్. కంపెనీ చేతులు మారుతోందని ఆరు నెలలుగా వదంతి. యాజమాన్యం ఔననదు, కాదనదు. ఈలోగా ఉత్పత్తి మీద కొత్త ఇన్సెంటివ్ పెట్టారు. బ్యాచ్‌ల సంఖ్య తగ్గలేదు సరికదా కాస్త పెరిగింది. అయినా ఉద్యోగుల సర్వేలో సంతృప్తి బాగా పడిపోయింది, డీవియేషన్లు, అంటే నిర్దేశించిన పద్ధతి తప్పిన సందర్భాలు, ఎక్కువయ్యాయి, చేయి తిరిగిన ఆపరేటర్లు ఒక్కొక్కరే రాజీనామా ఇస్తున్నారు. మీ డైరెక్టర్ గారేమో "భయం ఉంటేనే పని జరుగుతుంది, అంకెలే సాక్ష్యం" అంటున్నారు. ఆయన మాట నిజమేనా, ఇన్సెంటివ్ ఎందుకు పనిచేయడం లేదు, మీ స్థాయిలో చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు.

నేను మందుల ఫ్యాక్టరీల్లో ఉద్యోగుల వ్యవహారాలు చూసి రిటైరైనవాడిని. జీడిమెట్ల, పటాన్‌చెరు, చివరి కొన్నేళ్లు పైడిభీమవరం. యాజమాన్యాలు మారడం, కాంట్రాక్టర్లు మారడం దగ్గరుండి చూశాను. పుస్తకాల్లో ఉన్నదీ, షాప్ ఫ్లోర్ మీద చూసిందీ కలిపి చెబుతాను.

డైరెక్టర్ గారి మాటను మీరు పూర్తిగా కొట్టిపారేయకండి. అందులో సగం నిజం ఉంది. ఉద్యోగం పోతుందేమో అన్న భయం పట్టుకున్న తొలి నెలల్లో హాజరు పెరుగుతుంది. సెలవులు తగ్గుతాయి. ఓవర్‌టైమ్‌కు ఎవరూ కాదనరు. క్యాంటీన్‌లో టీ దగ్గర గుంపు పలచబడుతుంది. తీసేసేవాళ్ల జాబితా అంటూ ఒకటి తయారైతే అందులో తన పేరు ఉండకూడదన్న తాపత్రయం అది. దాన్ని కూడా ప్రేరణే అనాలి, తప్పదు. అయితే ఆ ప్రేరణ చూపంతా జాబితా రాసేవారి మీదే ఉంటుంది. వారికి ఏది కనిపిస్తుందో అది పెరుగుతుంది, వారి కంటపడనిది మెల్లగా కరిగిపోతుంది. మన పరిశ్రమ చిక్కేమిటంటే, మందుల తయారీలో కంటపడని పనే ఎక్కువ.

నేను పనిచేసిన ఒక యూనిట్‌లో జరిగింది చెబుతాను. ఫిబ్రవరి నెల, కంప్రెషన్ విభాగం, రాత్రి షిఫ్టు. ఆపరేటర్ కాంట్రాక్టర్ కింద కొన్నేళ్లుగా ఉన్నవాడు, పని బాగా తెలిసినవాడు. మాత్రలు కొట్టే యంత్రంలో పొడిని నొక్కే ఉక్కు కడ్డీలు, అంటే పంచ్‌లు, వరుసగా పైకీ కిందికీ ఆడుతుంటే ఆ చప్పుడుకు ఒక లయ ఉంటుంది. అలవాటైన చెవి చిన్న తేడాను కూడా పట్టేస్తుంది. ఆ రాత్రి రెండు దాటాక ఆ లయలో ఒక టక్కు వినిపించింది. అరగంటకోసారి చేసే బరువు పరీక్షలో అంకెలన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. పద్ధతి ప్రకారం యంత్రం ఆపి పంచ్‌లు చూడాలి. ఆపితే బ్రేక్‌డౌన్ అతని షిఫ్టు పేరున పడుతుంది. అతను ఆపలేదు, లాగ్ పుస్తకంలో రాయలేదు, పొద్దున వచ్చిన ఆపరేటర్‌కు చెప్పలేదు. మధ్యాహ్నం మెటల్ డిటెక్టర్ మాత్రలను పదేపదే పక్కకు తోసేయడం మొదలుపెట్టాక యంత్రం విప్పితే ఒక పంచ్ కొన చిట్లి ఉంది. బ్యాచ్ మొత్తం ఆపేశారు.

విచారణలో అతను ఏమీ దాచలేదు. "మార్చి నెలాఖరుకు రెన్యువల్ సార్. ఈ నెలలో నా షిఫ్టుకు ఇప్పటికే ఒక బ్రేక్‌డౌన్ ఉంది" అన్నాడు. అంతకు ముందు ఏడాది ఇదే మనిషి ఇంతకంటే చిన్న శబ్దానికి యంత్రం ఆపి ఇంజినీరింగ్ వాళ్లను నిద్ర లేపాడు. అప్పట్లో కాంట్రాక్టు ఏటా దానంతట అదే పొడిగించేవారు. ఈసారి కాంట్రాక్టర్‌నే మారుస్తున్నారని పుకారు. మనిషి మారలేదు, నైపుణ్యం తగ్గలేదు. నోరు విప్పితే ఎంత నష్టమో అన్న లెక్క మారింది. ఇంకో సంగతి గమనించండి. ఆ రాత్రి షిఫ్టు ఉత్పత్తి లక్ష్యాన్ని దాటింది. మీ డైరెక్టర్ గారు చూసే పట్టికలో అది మంచి షిఫ్టుల్లో ఒకటిగా కనిపిస్తుంది.

అందుకే మీరు రాసిన దానిలో నాకు బ్యాచ్‌ల సంఖ్య కంటే డీవియేషన్ల సంగతి ముఖ్యంగా తోచింది. పెరిగాయి అన్నారు, బాగానే ఉంది. ఎవరు రాసినవి? ఆపరేటరే స్వయంగా వచ్చి "ఇలా జరిగింది" అని రాసినవి ఎన్ని, నాణ్యత చూసే క్యూఏ వాళ్లు తనిఖీలోనో బ్యాచ్ రికార్డు చదువుతూనో పట్టుకున్నవి ఎన్ని? ఈ రెండూ వేరు చేసి గత రెండేళ్ల నెలవారీ లెక్క తీయండి. స్వయంగా రాసినవి పెరిగితే సంతోషించండి, మీ వాళ్లకు మీ మీద ఇంకా నమ్మకం ఉంది. అవి తగ్గి, ఇతరులు పట్టుకున్నవి పెరిగి ఉంటే మాత్రం నేను పైన చెప్పిన టక్కు మీ యూనిట్‌లో కూడా వినిపిస్తోందని అర్థం. మీరు రాసిన మిగతా లక్షణాలను బట్టి రెండోదే అయి ఉంటుందని నా అనుమానం.

ఇప్పుడు పరిశోధనలు ఏమన్నాయో చూద్దాం. సంతృప్తిగా ఉన్న ఉద్యోగి బాగా పనిచేస్తాడన్నది అందరూ అనే మాట. అది నిజమే గానీ మనం అనుకున్నంత బలంగా కాదు. మూడు వందలకు పైగా నమూనాలను గుదిగుచ్చి 2001లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణలో ఈ రెండింటి మధ్య సహసంబంధం సుమారు 0.30 అని తేలింది (సున్నా అంటే సంబంధమే లేదని, ఒకటి అంటే పూర్తిగా ఉందని). లెక్కల భాషలో చెప్పాలంటే, మనిషికీ మనిషికీ మధ్య పనితీరులో ఉన్న తేడాలో దాదాపు 9 శాతమే సంతృప్తితో ముడిపడి ఉంది. ఉద్యోగ అభద్రత మీద ఆ మరుసటి ఏడాది, 2002లో, స్వీడన్ పరిశోధకులు చేసిన ఇలాంటి సంకలనంలో మరో ఆసక్తికరమైన సంగతి బయటపడింది. అభద్రత పెరిగేకొద్దీ సంతృప్తి, సంస్థ పట్ల నిబద్ధత, యాజమాన్యం మీద నమ్మకం స్పష్టంగా పడిపోతాయి. పనితీరుతో మాత్రం సంబంధం చాలా బలహీనంగా కనిపించింది. అంటే మీ యూనిట్‌లో సర్వే ఒక మాట, ఉత్పత్తి పట్టిక ఇంకో మాట చెబుతున్నాయంటే అందులో వింత ఏమీ లేదు. రెండూ నిజమే చెబుతున్నాయి. పట్టిక ఇవాళ్టిది చెబుతోంది, సర్వే వచ్చే ఏడాదిది చెబుతోంది.

ఇన్సెంటివ్ దగ్గరకు వద్దాం. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1950లలో పిట్స్‌బర్గ్ ప్రాంతంలో రెండు వందల మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను కూర్చోబెట్టి, ఉద్యోగంలో బాగా సంతోషపడిన సందర్భాలు, బాగా బాధపడిన సందర్భాలు చెప్పమన్నాడు. సంతోషం కలిగించినవి ఒక జాతి: సాధించడం, గుర్తింపు, పని స్వభావం, బాధ్యత. బాధ పెట్టినవి మరో జాతి: కంపెనీ విధానాలు, పర్యవేక్షణ, జీతం, ఉద్యోగ భద్రత. ఆయన పద్ధతి మీద తర్వాత ఎన్నో విమర్శలు వచ్చాయి, వాటిలో కొన్ని న్యాయమైనవే. జీతాన్ని అంత తేలిగ్గా రెండో జాతిలో పడేయడం మన దేశంలో నాకూ ఒప్పుదల కాదు. కానీ భద్రత విషయంలో ఆయన చెప్పింది నేను చూసినంతలో ఎక్కడా తప్పలేదు. భద్రత ఉంటే ఎవరూ దాని గురించి మాట్లాడరు, దానివల్ల పొంగిపోరు. అది పోయిన రోజున మాత్రం మిగతావన్నీ రుచి కోల్పోతాయి. జ్వరంతో నోరు చేదెక్కినవాడి ముందు బిర్యానీ పెట్టి, తినడం లేదేమని వంటమనిషిని కేకలేస్తే ఏం లాభం?

మీ ఇన్సెంటివ్‌లో ఇంకో లోపం ఉంది. అది ఉత్పత్తి మీద కట్టిన మొత్తం, అంటే నెలనెలా మారేది. భయంతో ఉన్న మనిషికి మీరు ఇంకో అనిశ్చిత సంఖ్య చేతికిచ్చారు. మీ ఆపరేటర్ ఇంటి లెక్క ఒకసారి ఊహించండి. జూన్‌లో పిల్లల ఫీజు, ప్రతి నెలా బండి ఈఎమ్ఐ, రెండేళ్ల చీటీలో ఇంకా సగం కట్టాలి, చెల్లెలి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. హోమ్ లోన్ కోసం వెళితే బ్యాంకు ముందుగా చూసేది స్థిరమైన జీతాన్నే. పెళ్లి సంబంధం వాళ్లు వచ్చినా "పర్మనెంటేనా?" అన్నది రెండో ప్రశ్నో మూడో ప్రశ్నో అవుతుంది. ఈ లెక్కల్లో ఎక్కడా పనికిరాని డబ్బు ఇన్సెంటివ్. వస్తే వద్దనడు, తీసుకుంటాడు, దాని కోసం రెండు బ్యాచ్‌లు ఎక్కువ కూడా కొడతాడు. అంతమాత్రాన నిశ్చింతగా నిద్రపోడు. పైగా, బ్యాచ్‌ల లెక్క మీద డబ్బులిస్తూ యంత్రం ఆపినవాడికి ఆ డబ్బు కోస్తుంటే, నోరు మూసుకోవడానికి ఉన్న కారణాలకు మీరే ఇంకొకటి జోడించినట్టు. డీవియేషన్లు పెరగడానికి ఈ పథకమూ ఒక కారణం అయి ఉండవచ్చు.

అభద్రత ఎప్పుడూ పనితీరును దించుతుందనీ అనుకోకండి. విశాఖ ఉక్కు సంగతి మన కళ్ల ముందు జరిగింది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఆ కర్మాగారంలో నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. వేల మంది ఉద్యోగుల భవిష్యత్తు ఒక్కసారిగా గాలిలో తేలింది. గేటు ముందు శిబిరాలు వెలిశాయి, "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" నినాదం మళ్లీ మార్మోగింది. పని మూలన పడి ఉంటుందని బయటివారు అనుకోవడం సహజం. కానీ ఆ వెంటనే వచ్చిన 2021-22 ఆర్థిక సంవత్సరంలో సంస్థ టర్నోవర్ 28 వేల కోట్ల రూపాయలు దాటింది, అప్పటిదాకా అదే అత్యధికం, లాభమూ వచ్చింది. ఆ ఏడాది ప్రపంచమంతా ఉక్కు ధరలు ఎగబాకడం పెద్ద కారణం, కాదనను. అయినా ఒక వైపు ఉద్యమం చేస్తూ, ఇంకో వైపు ఫర్నేసు ఆగకుండా చూసుకున్న ఉద్యోగులను ఆ లెక్కలోంచి తీసేయలేం. "నష్టాల సంస్థ" అన్న మాటను అబద్ధం చేయాలన్న పట్టుదల అక్కడి సంఘాల మాటల్లో బాహాటంగానే వినిపించింది. భయం అందరిదీ ఒకటే, పక్కవాడితో పోటీ లేదు, పని బాగా చేస్తే ఫలితం ఉంటుందన్న ఆశ ఉంది. అలాంటప్పుడు అభద్రత మనుషులను దగ్గర చేస్తుంది.

ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. సొంత ఇనుప గనులు లేవు, నిర్వహణ మూలధనం కరవైంది, మూడో బ్లాస్ట్ ఫర్నేసు చాలా కాలం ఆగిపోయింది. 2022-23లో 2,800 కోట్లకు పైగా, 2023-24లో 4,800 కోట్లకు పైగా నష్టం వచ్చింది. జీతాలు ఆలస్యమయ్యాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది, దాని వెంటే స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు, కాంట్రాక్టు కార్మికుల తొలగింపుల మీద ఆందోళనలూ వచ్చాయి. ముడిసరుకు రానప్పుడు ఎంత పట్టుదల ఉన్నా చేయగలిగేది ఏముంది? తన శ్రమకూ ఫలితానికీ మధ్య తాడు తెగిందని మనిషికి తోచిన తర్వాత ప్రేరణ గురించి ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా చెవికెక్కవు.

ఈ తాడు తెగడం అన్నదే అసలు మర్మం. లియొనార్డ్ గ్రీన్‌హాల్గ్, జెహావా రోజెన్‌బ్లాట్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లో ఉద్యోగ అభద్రతకు ఒక నిర్వచనం ఇచ్చారు. ముప్పు ఎంత పెద్దదన్నది ఒక పాలు, ఆ ముప్పు ముందు తాను ఎంత నిస్సహాయుడినన్నది రెండో పాలు. మేనేజర్లు ఎప్పుడూ మొదటి దాని గురించే ఆలోచిస్తారు: ఎంతమందిని తీస్తారు, ఎవరిని తీస్తారు. అది మన చేతుల్లో ఉండదు. రెండోది మాత్రం చాలావరకు మన చేతుల్లోనే ఉంటుంది, అయినా ఎవరూ దాని జోలికి వెళ్లరు.

ఏ వార్తా చెప్పకుండా నాన్చడం, చెడ్డ వార్త చెప్పడం కంటే హాని చేస్తుందా అంటే, నా అనుభవంలో చేస్తుంది. లండన్‌లో ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యం మీద 1985 నుంచి పది వేల మందికి పైగా ఉద్యోగులతో వైట్‌హాల్ రెండో అధ్యయనం నడిచింది. వారిలో ఒక విభాగాన్ని ప్రైవేటుపరం చేస్తారన్న మాట వచ్చింది. ఇంకా ఎవరి ఉద్యోగమూ పోకముందే, కేవలం ఎదురుచూపుల దశలోనే, ఆ విభాగం వాళ్ల ఆరోగ్యం మిగతా విభాగాల వారితో పోలిస్తే దిగజారడం కనిపించింది. మీ వాళ్లది సరిగ్గా ఆ దశ.

దీనికి ఎదురు ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కల్లో వేల కోట్ల మోసం ఒప్పుకుంటూ రాసిన లేఖ బయటపడింది. సుమారు యాభై వేల మంది ఉద్యోగులు. వచ్చే నెల జీతం వస్తుందో రాదో తెలియదు. ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కొన్ని రోజుల్లోనే కొత్త సభ్యులను నియమించింది. ఆ బోర్డు మొదటి ప్రాధాన్యాల్లో ఒకటి జీతాలు, రెండోది క్లయింట్లు జారిపోకుండా చూడటం. బ్యాంకుల నుంచి 600 కోట్ల రుణం తెచ్చారు. కొనుగోలుదారు ఎవరో ఎప్పటికల్లా తేలుతుందో అందరికీ కనిపించేలా ఒక క్రమం పెట్టారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ముందుకొచ్చింది. భద్రత దొరికిందా అంటే లేదు. జూన్‌లో వేల మందిని "వర్చువల్ పూల్" అని పేరు పెట్టి, తగ్గించిన జీతంతో ఇంటి దగ్గర ఉంచారు, వాళ్లలో చాలామంది ఇంకో దారి చూసుకోవాల్సి వచ్చింది. ఆ పద్ధతిని నేను మెచ్చుకోవడం లేదు. కానీ జనవరి నుంచి ఏప్రిల్ దాకా క్లయింట్ల ప్రాజెక్టులు నడిచాయంటే, ఏ తారీఖుకు ఏమి తెలుస్తుందో ఉద్యోగికి తెలియడం అందులో పెద్ద పాత్ర పోషించిందని నా అభిప్రాయం. రోజూ వదంతి వినే మనిషికి ఒక తారీఖు చెబితే, ఆ తారీఖు దాకా పని చేసుకోగలడు.

మీ యూనిట్‌లో కాంట్రాక్టు వాళ్లు ఎంతమందో మీరు రాయలేదు, ఉండకుండా ఉండరు. ఇక్కడ ఒక తికమక ఉంది. యూరప్‌లో చేసిన పరిశోధనల్లో అభద్రత తాత్కాలిక ఉద్యోగుల కంటే పర్మనెంట్ వాళ్ల సంతృప్తినే ఎక్కువగా దెబ్బతీసిందని వచ్చింది. తాత్కాలిక ఉద్యోగి చేరేటప్పుడే భద్రత ఆశించడు, పర్మనెంట్ ఉద్యోగి ఆశిస్తాడు, మాట తప్పినట్టు బాధపడతాడు. మన దగ్గర ఇది సగమే వర్తిస్తుంది. మన కాంట్రాక్టు కార్మికుడు ఆశ లేకుండా చేరడు. "రెండేళ్లు చూసి కంపెనీ రోల్స్‌లోకి తీసుకుంటాం" అని ఎవరో ఒకరు అంటారు, తరచూ ఆ అన్నది మన సూపర్‌వైజరే. ఆ మాట మీద అతను పర్మనెంట్ వాడికంటే ఎక్కువ కష్టపడతాడు. ఆశ గొప్ప ప్రేరణ, ఖర్చు లేనిది, అందుకే యాజమాన్యాలకు అంత ఇష్టం. దానికి గడువు ఉంటుందన్న సంగతే మరిచిపోతారు.

తెలంగాణ జూనియర్ పంచాయతీ కార్యదర్శుల విషయంలో ఇదే చూశాం. 2019లో మూడేళ్ల ప్రొబేషన్ అని చేర్చుకున్నారు. పల్లె ప్రగతి కింద నర్సరీలు, డంపింగ్ యార్డులు, వైకుంఠధామాలు, పారిశుధ్యం, అన్నీ వాళ్ల భుజాల మీదే నడిచాయి. రెగ్యులర్ అవుతామన్న ఆశతో ఒళ్లు దాచుకోకుండా పనిచేశారు. మూడేళ్లు నిండే వేళకు ప్రొబేషన్‌ను నాలుగేళ్లు చేశారు. ఆ నాలుగోది కూడా ముగిశాక 2023 ఏప్రిల్ చివర్లో సమ్మెకు దిగారు. పని ఎగ్గొట్టే మనుషులైతే మొదటి ఏడాదే దిగేవారు.

ఇక మీరు చేయగలిగినవి. కంపెనీ అమ్మకం మీ చేతుల్లో లేదు, సరే. మీ బ్లాకులో మాట్లాడటం మీ చేతుల్లో ఉంది. వారానికి ఒక రోజు, ఒకే సమయానికి, షిఫ్టు మారే వేళ పది నిమిషాలు నిలబడి మూడే ముక్కలు చెప్పండి: మాకు తెలిసింది ఇది, తెలియనిది ఇది, మళ్లీ ఫలానా రోజు మాట్లాడతాను. చెప్పడానికి ఏమీ లేని వారం కూడా నిలబడి "ఈ వారం కొత్త సంగతి ఏమీ లేదు" అనండి. అది వింతగా అనిపిస్తుంది, ఆపరేటర్లు మొదట నవ్వుకుంటారు కూడా. నెల తిరిగేసరికి క్యాంటీన్ వదంతులకు గిరాకీ తగ్గుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, "ఎవరికీ ఏమీ కాదు, నేనున్నాను" అని భరోసా ఇవ్వకండి. మీరు లేకుండా పోవచ్చు. ఇలాంటి భరోసా ఇచ్చి, ఆరు నెలలకు తానే బ్యాగు సర్దుకున్న ప్లాంట్ హెడ్‌ను చూశాను. ఆ తర్వాత వచ్చినాయన ఏం చెప్పినా అక్కడ ఎవరూ నమ్మలేదు.

చట్టం ఏం చెబుతుందో మీ వాళ్లకు చెప్పించండి, ఈ ఒక్క పనికే భయం సగం దిగుతుంది. పారిశ్రామిక వివాదాల చట్టంలో సంస్థ చేతులు మారే సందర్భం కోసమే 25ఎఫ్ఎఫ్ అనే సెక్షన్ ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ సూత్రం కొనసాగింది. సర్వీసు తెగకూడదు, కొత్త యజమాని దగ్గర షరతులు పాతవాటికంటే తగ్గకూడదు, పాత సర్వీసును కూడా లెక్కలోకి తీసుకునే బాధ్యత కొత్త యజమానిది. ఈ మూడింట్లో ఏది తప్పినా తొలగింపుకు ఇచ్చినట్టే నోటీసు, ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. షేర్లు మాత్రమే చేతులు మారితే యజమాని కంపెనీ అదే కనుక సర్వీసు యథాతథం. పీఎఫ్ ఎక్కడికీ పోదు, యూఏఎన్ నంబరుతో వెంట వస్తుంది. గ్రాట్యుటీ పోతుందేమో అన్న బెంగతోనే ముందే రాజీనామా ఇచ్చి, ఐదేళ్లు నిండక నిజంగానే పోగొట్టుకున్నవాళ్లను చూశాను. సంస్థ చేతులు మారేటప్పటి ఈ నోటీసు, పరిహారాల రక్షణ కార్మికులకే, మేనేజర్లకు లేదు, ఆ సంగతి మీ సొంత లెక్కల్లో పెట్టుకోండి. కాంట్రాక్టు వాళ్లకు కూడా ఇది నేరుగా వర్తించదు, వాళ్ల యజమాని కాంట్రాక్టర్. ఆ నిజం దాచకుండా చెప్పి, రెన్యువల్ ఉంటుందో లేదో కనీసం రెండు నెలల ముందు చెప్పేలా కాంట్రాక్టర్‌తో మాట్లాడండి. మార్చి 28న చెప్పడం అన్యాయం.

నిస్సహాయత తగ్గించే పనులు చిన్నవిగా కనిపిస్తాయి. షిఫ్టు రోస్టర్ వాళ్లనే వేసుకోనివ్వండి. కంప్రెషన్ ఆపరేటర్‌కు కోటింగ్, బ్లిస్టర్ ప్యాకింగ్ నేర్పించి, శిక్షణ రికార్డు ప్రతి అతని చేతికివ్వండి. "ఇవన్నీ ఇస్తే బయటికి పోతాడు" అంటారు మీ హెచ్ఆర్ వాళ్లు. పోయేవాళ్లలో ముందు వరుస ఎప్పుడూ పని బాగా వచ్చినవాళ్లదే, కాగితం ఇచ్చినా ఇవ్వకపోయినా. బయట తనకు విలువ ఉందని తెలిసినవాడు లోపల కాస్త ధైర్యంగా ఉంటాడు, యంత్రం ఆపడానికి భయపడడు.

ఇన్సెంటివ్‌ను రద్దు చేయకండి, ఈ సమయంలో రద్దు చేస్తే అదే ఇంకో వదంతి అవుతుంది. దాని రూపు మార్చండి. వ్యక్తి మీద కాకుండా బ్లాకు మొత్తం మీద కట్టండి. పెద్ద భాగాన్ని స్థిరంగా ఉంచి కొంచెమే మారేలా చూడండి. ఆపరేటర్ తనంతట తాను సమస్య రాసి యంత్రం ఆపిన సమయాన్ని లక్ష్యంలోంచి మినహాయించండి, ఆ బ్రేక్‌డౌన్‌ను షిఫ్టు పేరున వేయకండి. ఈ ఒక్క నిబంధన మీ అధికారంలోనే ఉంటుందనుకుంటాను, దీనికి డైరెక్టర్ గారి సంతకం అక్కర్లేదు.

ఆయనకు మాత్రం ప్రేరణ సిద్ధాంతాలు చెప్పకండి. అంకెలనే నమ్మే మనిషి కనుక బ్యాచ్‌ల కాలమ్ పక్కనే ఇంకో మూడు కాలమ్‌లు పెట్టి ఇవ్వండి. ఆపేసిన, తిరస్కరించిన బ్యాచ్‌ల విలువ ఒకటి. వెళ్లిపోయిన ఆపరేటర్ స్థానంలో కొత్తవాడు శిక్షణ ముగించి ఒంటరిగా యంత్రం నడిపేదాకా పట్టే నెలల జీతం రెండోది. స్వయంగా రాసిన డీవియేషన్లకూ, క్యూఏ పట్టుకున్నవాటికీ మధ్య నిష్పత్తి మూడోది. కొనుగోలుదారు తరఫున పరిశీలనకు వచ్చేవారు ముందుగా తెరిచేవి డీవియేషన్ రికార్డులేనని కూడా గుర్తు చేయండి, అమ్మకపు ధర మాట వస్తే ఆయన వెంటనే వింటారు.

సర్వే మళ్లీ చేయించాలా అని చివర్లో అడిగారు. ఇప్పుడే వద్దు. భయంలో ఉన్నవాళ్లు పేరు లేని కాగితం మీద కూడా ఆలోచించి టిక్కు పెడతారు. అమ్మకం సంగతి ఏదో ఒకటి తేలాక రెండు మూడు నెలలు ఆగి చేయించండి. ఈలోగా రాత్రి షిఫ్టు లాగ్ పుస్తకాల్లో ఎవరూ అడగకుండానే రాసిన సమస్యలు నెలకు ఎన్నో లెక్కపెట్టుకోండి. సర్వే ఇచ్చే సమాచారం కంటే అది మెరుగ్గా ఉంటుంది, ఖర్చూ లేదు.